రెండు లైబ్రరీల్లో ఒకే ఫంక్షన్ పేరు: బాష్‌లో ఏ పద్ధతి నిలబడుతుంది?

అందరికీ నమస్తే. లైనక్స్‌లో కమాండ్లు నడిపే షెల్ బాష్, దాని స్క్రిప్టుల కోసం నలుగురూ కలిసి లైబ్రరీలు వాడుకునే చోట ఫంక్షన్ పేర్లు ఢీకొంటే ఏం చేయాలి, జనం వాడే పద్ధతుల్లో ఏది పనికొస్తుంది, ఇవాళ్టి రివ్యూ దాని మీదే.

ముందు స్క్రీన్ చూడండి. బ్యాకప్ లైబ్రరీ ఒకటి, డిప్లాయ్ లైబ్రరీ ఒకటి, రెండింట్లోనూ క్లీనప్ అనే ఫంక్షన్ ఉంది. రెండింటినీ అదే వరసలో సోర్స్ చేశాను, అంటే నా స్క్రిప్టులోకి లోడ్ చేశాను, ఒక్క వార్నింగ్ కూడా రాలేదు, ఎందుకంటే బాష్‌లో ఫంక్షన్లన్నిటికీ ఉన్నది ఒకటే జాబితా, వెనక వచ్చినది ముందుదాన్ని తీసేసి కూర్చుంటుంది. "నా స్క్రిప్టులో క్లీనప్‌ని నేను పిలవనే లేదు కదా" అంటారేమో, అయినా దెబ్బ తప్పదు. బ్యాకప్ లైబ్రరీ ఎగ్జిట్ ట్రాప్‌లో, అంటే స్క్రిప్టు ముగిసేటప్పుడు నడవాల్సిన కమాండ్‌గా, క్లీనప్ అని రాసుకుంది, బాష్ ఆ పేరుని వెతికేది ట్రాప్ పెట్టినప్పుడు కాదు, అది నడిచేటప్పుడు. కాబట్టి చివర్లో నడిచేది డిప్లాయ్ వాళ్ల క్లీనప్. బ్యాకప్ వాళ్ల టెంప్ ఫోల్డర్ అలాగే మిగిలిపోతుంది, డిప్లాయ్ వాళ్లది ఫైళ్లు తీసేసే రకమైతే ఇంకేం పోతుందో చెప్పలేం.

రీడ్ఓన్లీ హైఫన్ ఎఫ్‌తో బ్యాకప్ వాళ్ల ఫంక్షన్‌కి తాళం వేయొచ్చు, దాన్ని ఎవరైనా మార్చబోతే ఎర్రర్ కనపడుతుంది, అది మంచిదే. కానీ అప్పుడు డిప్లాయ్ లైబ్రరీ లోపలి కోడ్ బ్యాకప్ క్లీనప్‌ని పిలుస్తుంది, సమస్య అటు నుంచి ఇటు మారిందంతే. సబ్‌షెల్‌లో, అంటే విడిగా నడిచే షెల్ కాపీలో, సోర్స్ చేస్తే పేర్లు బయటికి రావు, అయితే అందులో సెట్ చేసిన వేరియబుల్స్ కూడా రావు, అవుట్‌పుట్ మాత్రమే కావాలంటే బాగుంటుంది.

నా ఓటు ప్రిఫిక్స్‌కే, అంటే ఫంక్షన్ పేరు ముందు లైబ్రరీ పేరు పెట్టడానికే. గిట్ కమాండ్లని ట్యాబ్‌తో పూర్తిచేసే గిట్ కంప్లీషన్ స్క్రిప్టు, నోడ్ వెర్షన్లు మార్చే ఎన్‌వీఎమ్ చేసేది అదే, ఫంక్షన్లకి తమ పేరు ముందు తగిలిస్తాయి. గూగుల్ షెల్ స్టైల్ గైడ్ మధ్యలో రెండు కోలన్లు పెట్టమంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ డ్యాష్ అనే ఇంకో షెల్‌లో ఆ పేరు చెల్లదు, ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే అదే, స్క్రిప్టు ఎస్‌హెచ్ కింద కూడా నడవాలంటే అండర్‌స్కోరే పెట్టండి. లోపల వాడుకునే చిన్న ఫంక్షన్లకీ పెట్టాలి, మనం చూసిన క్లీనప్ అలాంటిదే.

మార్చడానికి వీల్లేని లైబ్రరీ అయితే, సోర్స్ చేసే ముందు డిక్లేర్ హైఫన్ క్యాపిటల్ ఎఫ్‌తో ఆ పేరు అప్పటికే ఉందేమో చూడండి. బాష్‌లోని ఎక్స్‌ట్‌డీబగ్ ఆప్షన్ ఆన్ చేసి అదే కమాండ్‌కి ఫంక్షన్ పేరు ఇస్తే ఏ ఫైల్లో ఏ లైన్ నుంచి వచ్చిందో కూడా చెబుతుంది.