బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? కస్టడీ కేసులో కోర్టు ఏం చూస్తుంది?

నమస్తే అండి. బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఒక తెలుగు జంట అనుకుందాం. గొడవలు ముదిరి, ఆమె ఆరేళ్ల పాపను తీసుకుని అనంతపురంలో పుట్టింటికి వెళ్లిపోయింది. "పాపకు ఐదేళ్లు దాటాయి, ఇక తండ్రికే చెందుతుంది" అంటున్నారు ఆయన తరఫు పెద్దలు. ఆ మాట విని ఆమెకు నిద్ర పట్టడం లేదు.

అమ్మా, ఆ మాట నిజం కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఐదు నిండగానే తండ్రికి అప్పగించాలని అందులో ఎక్కడా లేదు. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని పదమూడో సెక్షన్ చెబుతుంది. ముస్లింలు, క్రైస్తవులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అర్జీ పెట్టుకుంటారు. అక్కడా చూసేది బిడ్డ క్షేమమే.

(స్క్రీన్ మీద: స్కూల్ డైరీ, టీకాల కార్డు)

ఈ డైరీ చూడండి. ప్రతి పేజీ కింద సంతకం ఎవరిది? టీకా వేయించడానికి ఎవరు తీసుకెళ్లారు? పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్లారు? ఒకరినొకరు తిట్టుకున్న వాట్సాప్ మెసేజ్‌ల కట్ట కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఆ సాక్ష్యాలన్నీ భద్రంగా ఉంచండి. 2005 గృహహింస చట్టం కింద తాత్కాలిక కస్టడీ కూడా అడగొచ్చు.

కాస్త ఊహ తెలిసిన బిడ్డయితే జడ్జిగారు ఛాంబర్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడవచ్చు. దయచేసి "ఇలా చెప్పు" అని నేర్పి పంపకండి. ఆ భారం పిల్లల మీద పెట్టకూడదు.

ఇక కేసు బెంగళూరులోనా, అనంతపురంలోనా? బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుందో అక్కడి కోర్టులో. మొన్న ఊరు మారినంత మాత్రాన కోర్టు మారిపోదు. అందుకే స్కూల్లో చేరిన తేదీలు, ఇంటి అద్దె అగ్రిమెంట్ లాయర్‌కు ముందే చూపించండి.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మగవాళ్లకైతే చాలావరకు ఆదాయ పరిమితి చూస్తారు. ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా బెంగళూరులో హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉన్న లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లండి. తెలుగు తెలిసిన లాయర్ కావాలని మొహమాటం లేకుండా అడగండి.

బిడ్డకు దూరంగా ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మాట. తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు, బిడ్డను చూసే అవకాశం మధ్యలోనే అడగొచ్చు. అమ్మానాన్నలిద్దరి ప్రేమా బిడ్డ హక్కని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వీడియో కాల్స్ సంగతీ ప్రస్తావించింది. అర్జీలో "అప్పుడప్పుడు" అని రాయించకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి ఫోన్ నుంచి అన్నది స్పష్టంగా రాయించండి.