ఎన్‌పీటీఈ పాసయ్యాక ఇంకా ఏం కావాలి?

హోస్ట్: నమస్కారమండీ. అమెరికాలో ఫిజికల్ థెరపీ డాక్టరేట్ (డీపీటీ) ముగించిన మన పిల్లలు, ఇక్కడ ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చేసి అటు వెళ్దామనుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. అక్కడ ఫిజికల్ థెరపిస్ట్ లైసెన్స్ కోసం రాసే జాతీయ పరీక్ష ఎన్‌పీటీఈ పాసైతే చాలా, మేడమ్?

గెస్ట్: చాలదండీ. పరీక్ష దేశమంతటికీ ఒకటే, లైసెన్స్ ఇచ్చేది మాత్రం రాష్ట్ర బోర్డు. అందుకే పుస్తకం తెరవకముందే ఏ రాష్ట్రమో తేల్చుకోమంటాను.

హోస్ట్: అంత తేడా ఉంటుందా?

గెస్ట్: ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో అక్కడి చట్టం మీద విడిగా పరీక్ష రాయాలి. న్యూయార్క్‌లో కొత్తవాళ్లకు ఆరు నెలల లిమిటెడ్ పర్మిట్ (తాత్కాలిక అనుమతి) దొరుకుతుంది, లైసెన్స్ ఉన్న ఫిజికల్ థెరపిస్ట్ (పీటీ) పర్యవేక్షణలో పనిచేయొచ్చు. అన్నిచోట్లా ఆ వెసులుబాటు లేదు.

హోస్ట్: పరీక్ష సంగతి చెప్పండి.

గెస్ట్: 225 ప్రశ్నలు, ఐదు గంటలు. 800 స్కేల్ మీద 600 రావాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో పెడతారు. 12 నెలల్లో మూడుసార్లే రాయనిస్తారు, జీవితం మొత్తానికి ఆరుసార్లే. 400, అంతకంటే తక్కువ రెండుసార్లు వచ్చిందంటే ఇక రాయనివ్వరు. దయచేసి "ఊరికే రాసి చూద్దాం" అనుకోకండి.

హోస్ట్: మరి మన బీపీటీ వాళ్లు?

గెస్ట్: వాళ్ల గురించే నా బాధంతా. ముందు క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ ఉంటుంది. విదేశీ డిగ్రీల్ని పరిశీలించే ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థ మన సబ్జెక్టుల్ని, క్లినికల్ గంటల్ని అక్కడి చదువుతో పోల్చి చూస్తుంది. తగ్గితే ఆ క్రెడిట్లు మళ్లీ చదవాలి. ట్రాన్స్‌క్రిప్ట్ మనం పంపితే కుదరదు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అయినా నేరుగా వాళ్లకే పంపాలి. ఇంకోటి, మార్కుల మెమోలో ఇంటిపేరు "కె." అని ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. అంత చిన్నదానికే ఫైలు ఆగిపోవచ్చు. ఇక్కడ ఉండగానే సరిచేయించుకోండి, అక్కడికెళ్లాక అమ్మానాన్నల్ని ఆఫీసుల చుట్టూ తిప్పాల్సి వస్తుంది.

హోస్ట్: టోఫెల్ కూడానా?

గెస్ట్: సాధారణంగా అడుగుతారు. ఉద్యోగ వీసాకైతే హెల్త్‌కేర్ వర్కర్ సర్టిఫికెట్ విడిగా కావాలి.

హోస్ట్: రిజల్ట్ వచ్చిన మర్నాడే డ్యూటీలో చేరిపోవచ్చా?

గెస్ట్: బోర్డు వెబ్‌సైట్‌లో మీ పేరు మీద లైసెన్స్ నంబర్ కనబడాలి. అప్పటిదాకా, పర్మిట్ లేకపోతే, ఎంప్లాయర్ ఎంత తొందరపెట్టినా పేషెంట్ మీద చెయ్యి వేయకండి. రెండో రాష్ట్రానికి వెళ్లాలనుకుంటే, రెండూ పీటీ కాంపాక్ట్‌లో, అంటే రాష్ట్రాల మధ్య ఉన్న లైసెన్స్ ఒప్పందంలో, ఉన్నాయేమో చూసుకోండి. అమెరికాలో మీరుండే రాష్ట్రం లైసెన్స్ ఉంటే రెండోదాంట్లో పని తేలికవుతుంది.