బోర్డు మీద అక్షరం తప్పితే?

వ్యాఖ్యాత: నమస్కారం. బడి బోర్డు ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరగడం, కింద ‘వీళ్లా మన పంతుళ్లు’ అని వెక్కిరింపులు రావడం మామూలైపోయింది. పాఠం చెప్పేవాళ్లకు తప్పుల్లేని రాత వచ్చితీరాలా? స్టూడియోలో విశ్రాంత తెలుగు పండితులు, హైస్కూలు లెక్కల టీచరు, టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ డైట్‌లో పనిచేసే అధ్యాపకురాలు ఉన్నారు. మాస్టారూ, మీరు చెప్పండి.

తెలుగు పండితులు: వచ్చితీరాలి. ఇందులో చర్చకేముందండీ? పిల్లవాడికి బోర్డు మీది మాటే ప్రమాణం. ఇంటికెళ్లాక అమ్మ దిద్దినా ఒప్పుకోడు, ‘మా సార్ ఇలాగే రాశారు’ అంటాడు. ‘ప్రార్ధన’, ‘విద్యార్ధి’, ‘మధ్యాన్హం’... ఇవన్నీ ఎక్కడో ఒకచోట చూసి నేర్చినవే.

లెక్కల టీచరు: మీరు చెప్పిన మూడూ ఏ ఊరి ఫ్లెక్సీల మీదైనా కనిపిస్తాయి మాస్టారూ. అన్నీ మా నెత్తినే వేస్తే ఎలా?

తెలుగు పండితులు: ఆ ఫ్లెక్సీ రాసినాయనా ఏదో బళ్లో చదివినవాడే కదమ్మా!

లెక్కల టీచరు: సరే, నా సంగతే చెబుతాను. వృత్తాల పాఠంలో ‘వ్యాసార్ధం’ అని పదే పదే రాస్తాం. అక్కడ ధ పడిందా థ పడిందా అన్నది కాదు నా బాధ. వృత్తలేఖిని ఎంత తెరవాలో పిల్లకి తెలిసిందా, గీసిన వృత్తం సరిగ్గా వచ్చిందా? అంతే.

తెలుగు పండితులు: భలే మాట ఎత్తారు. అర్ధం అంటే సగం. వ్యాసంలో సగం కనుక వ్యాసార్ధం. ధ కడుపులో చుక్క పెట్టారో, అది థ అయిపోయి, తెలుగు క్లాసులో రాసే వ్యాసానికి అర్థం చెప్పమన్నట్టు ఉంటుంది. సరిగ్గా రాస్తే సూత్రం ఆ మాటలోనే ఉంది, బట్టీ పట్టే పనే లేదు.

లెక్కల టీచరు: (నవ్వుతూ) ఇది మాత్రం రేపే క్లాసులో చెప్పేస్తాను. అయినా, చుక్క పడిందని పిల్లల మార్కు మాత్రం కోయను.

డైట్ అధ్యాపకురాలు: నేనొకటి అడుగుతాను. అచ్చ తెలుగు మాటల్లో థ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు దాదాపు ఉండవు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలతోనే వచ్చాయి. మామూలు మాటల్లో మనలో ఎంతమందిమి వాటిని ఒత్తి పలుకుతాం? చెవికి వినపడనిది చేతికి ఎలా వస్తుంది? చూసి చూసి, రాసి రాసి రావాల్సిందే. పుస్తకాలున్న ఇంట్లో పెరిగినవాళ్లకు అది ఊరికే అబ్బుతుంది. ఇంటిల్లిపాదిలో మొదటగా బడి ముఖం చూసి, కష్టపడి టీచరైన అమ్మాయిని ‘నీకు తెలుగే రాదు’ అనేస్తున్నాం. ఆమె కథ చెబుతుంటే పిల్లలు కదలకుండా వింటారు, అది లెక్కలోకి రాదా?

తెలుగు పండితులు: వస్తుంది. కానీ ఆమె ముందు కూర్చున్న పిల్లలూ అలాంటి ఇళ్ల నుంచే వచ్చారు కదా? పట్నం పిల్లాడి తప్పును తల్లో ట్యూషన్ మాస్టారో దిద్దుతారు. వీళ్లకు ఆమె తప్ప ఇంకెవరున్నారు?

డైట్ అధ్యాపకురాలు: అక్కడ మీతో పేచీ లేదు. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్జీటీకి ఈ విషయంలో మినహాయింపు ఇవ్వలేం. అక్షరాలు దిద్దించేది ఆమే కాబట్టి. హైస్కూల్లో మాత్రం ఎవరి సబ్జెక్టు మాటలు వాళ్లకు నిక్కచ్చిగా వస్తే చాలంటాను.

వ్యాఖ్యాత: మరి ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఇదేమీ చూడరా?

డైట్ అధ్యాపకురాలు: అసలు చిక్కు అక్కడే ఉంది సార్. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 ప్రశ్నలు, అందులో మొదటి భాషకు 30. అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునేవే. ఉద్యోగానికి ఎంపిక చేసే డీఎస్సీ కూడా ఇప్పుడు కంప్యూటర్ మీదే. తన చేత్తో ఒక్క పేరా రాయకుండానే ఈ పరీక్షలు గట్టెక్కవచ్చు. నాలుగు రూపాల్లో ఒప్పును గుర్తుపట్టడం వేరు, క్లాసంతా చూస్తుండగా సుద్దముక్క పట్టి రాయడం వేరు.

వ్యాఖ్యాత: శిక్షణలో రికార్డులు రాయిస్తారుగా?

డైట్ అధ్యాపకురాలు: రాయిస్తాం. సీనియర్ల రికార్డు చూసి దించేవాళ్లూ ఉంటారు, తప్పులతో సహా.

లెక్కల టీచరు: ఇంగ్లిష్ బరువు కూడా చూడండి. ఆంధ్రలో 2020–21 నుంచి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం ఇప్పుడు ‘హైపోటెన్యూస్’, ‘ప్యారలెలోగ్రామ్’ స్పెల్లింగులు కూడా తప్పకూడదు. అనుమానం వస్తే ఏం చేయాలి? ఫోన్ తీస్తే ‘క్లాసులో ఫోనా’ అంటారు.

డైట్ అధ్యాపకురాలు: తీయాలి. పిల్లల ముందే ఆంధ్రభారతి ఆన్‌లైన్ నిఘంటువులో మాట కొట్టి, దొరికిన రూపం బోర్డు మీద రాయాలి. నిఘంటువు ఎలా వెతకాలో వాళ్లూ నేర్చుకుంటారు.

తెలుగు పండితులు: మా రోజుల్లో గురువు పిల్లల ముందు నిఘంటువు తెరిస్తే పరువు తక్కువ. స్టాఫ్‌రూములో తెరిచేవాళ్లం!

వ్యాఖ్యాత: అంటే మీరూ తెరిచేవారన్నమాట.

తెలుగు పండితులు: తెరవనివాడు పండితుడెలా అవుతాడయ్యా? తప్పు రాసినవాళ్ల మీద కాదు నా కోపం. దిద్దబోతే ‘అర్థమైతే చాల్లెండి’ అంటారు చూడండి, వాళ్ల మీద.

లెక్కల టీచరు: అది నన్నేనా మాస్టారూ?

తెలుగు పండితులు: మిమ్మల్ని కూడా. మార్కు కోయకండి, సరే. ఆ థ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ధ అయినా రాయండి.

లెక్కల టీచరు: రాస్తాను. నా సెక్షన్‌లో సగం పేపర్లు మీరు దిద్దిపెడితే ఇంకా బాగా రాస్తాను.