పిచ్చుక గూటికి చోటెక్కడ?

అందరికీ నమస్కారం. మార్చి 20, పిచ్చుకల దినోత్సవం వస్తే చెక్క గూళ్లు పంచుతాం, ఫొటోలు దిగుతాం. ఆ గూడు ఎక్కడ తగిలిస్తారని మాత్రం ఎవరూ అడగరు. చాలా గూళ్లు ఖాళీగా ఉండిపోయేది అక్కడే.

గూడు కొనే ముందు పొద్దున్నే మీ వీధిలో ఓసారి నడవండి. కిరాణా కొట్టు ముందు, షాపుల షట్టర్ల పైన సందుల్లో కిచకిచలు వినిపిస్తున్నాయా? ఆ చుట్టుపక్కల ఇళ్లకే ముందు గూళ్లు పెడదాం. పిచ్చుక ఒంటరిగా కొత్త పేటకు కాపురం మార్చే పిట్ట కాదు, తోటివాళ్లుండాలి. అందుకని ఒకే గోడకు కాస్త ఎడంగా రెండు మూడు పెట్టినా మంచిదే.

ఇక గోడ సంగతి. మన ఊళ్లలో పిల్లికన్నా పడమటెండకే ఎక్కువ భయపడాలి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. అక్కడ తగిలించిన డబ్బాలో ఇంకా ఈకలు రాని పిల్లలు ఉడికిపోతాయి. ఎగిరేదాకా సుమారు రెండు వారాలు అవి అందులోనే ఉండాలి మరి. తూర్పు గోడో ఉత్తరపు గోడో చూసుకుని, సన్‌షేడ్ కింద, ఎనిమిది పది అడుగుల ఎత్తున మేకు కొట్టండి. వాన జల్లు కూడా అంతగా తగలదు. పక్కన పిల్లి ఎక్కడానికి వీలుగా పైపూ గ్రిల్లూ లేకుండా చూసుకోండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎదురుగా వద్దు. ఫ్యాన్ తిరిగే వరండాలో అసలే వద్దు. రెక్క తగిలి పిచ్చుక నేలమీద పడటం మనలో చాలామంది చూసిందే.

రంధ్రం అంగుళంపావు, అంటే 32 మిల్లీమీటర్లు చాలు. ఇంకా పెద్దదైతే గోరింకలు కబ్జా చేస్తాయి. బజారులో అమ్మే గూళ్లకు రంధ్రం కింద చిన్న పుల్ల ఉంటుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ, పిచ్చుకకు దాంతో పనిలేదు. కాకి కాలు మోపడానికి పనికొస్తుంది, పీకేయండి.

దగ్గర్లో గోరింటో మందారమో గుబురుగా ఉంటే ఇంకా మేలు. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి గానీ పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్నే. ఆ మొక్కలకు మందు కొట్టకండి.

గుడ్లు పెట్టాక గూటిని కదపొద్దు, సెల్‌ఫోన్ లోపల పెట్టి ఫొటోలు తీయొద్దు. మీ ఇంటి గోడ ఫొటో తెచ్చినవాళ్లు ముందుకు రండి, మేకు ఎక్కడ కొట్టాలో చూద్దాం.