అరుదైన మామిడి రకం మీ పెరట్లోకి రావాలంటే: నాలుగు దారుల రివ్యూ

నమస్కారమండి. ఎక్కడో ఫోటోలో ఒక మామిడి పండు చూసి, ఈ చెట్టు మన పెరట్లో ఉంటే ఎంత బావుంటుందో అనుకున్నవాళ్ల కోసం ఈ వీడియో. అది థాయ్‌లాండ్ నామ్ డాక్ మై కావచ్చు, ఫిలిప్పీన్స్ కారబావో కావచ్చు, ఎర్రగా మెరిసే మియాజాకి కావచ్చు. రకమేమో వేరే దేశంది, మీ దేశంలో మొక్కల దిగుమతి మీద నిబంధనలేమో గట్టివి. మీ ముందు నాలుగు దారులున్నాయి. టెంక తెప్పించుకోవడం, టిష్యూ కల్చర్ మొక్క, అంటే ల్యాబ్‌లో చిన్న కణజాలం ముక్క నుంచి పెంచిన మొక్క కొనడం, అంటు మొక్కనే దిగుమతి చేసుకోవడం, లేదా ఇప్పటికే దేశంలో ఉన్న చెట్టు నుంచి పుల్ల తెచ్చి అంటు కట్టుకోవడం. ఇంట్లో పెంచుకునేవాళ్లకి నా ఓటు నాలుగోదానికే. ఎందుకో చూద్దాం.

ముందు టెంక సంగతి. చాలా దేశాలు మామిడి పండుని రానిచ్చినా టెంకని విత్తనంగా రానివ్వవు. కారణం టెంక పురుగు. తల్లి పురుగు పచ్చి పిందె మీద గుడ్డు పెడుతుంది. లార్వా గుజ్జులోంచి తొలుచుకుంటూ టెంకలోకి పోతుంది, అది వెళ్లిన దారి కాయ పెరిగే కొద్దీ పూడుకుపోతుంది. పండు కోసేసరికి పైన చెప్పుకోదగ్గ ఆనవాలేమీ ఉండదు. ఇదిగో, ఈ టెంకని కత్తెరతో అంచు వెంట తెరిచాను, దగ్గరగా చూడండి. లోపలి జీడి, అంటే మొలకెత్తే పప్పు, తెల్లగా, గట్టిగా ఉండాల్సిన చోట నల్లటి పొడి, మధ్యలో గుంత. ఈ గుంతలోనే ఎదిగిన పురుగు కదలకుండా కూర్చుని సమయం కోసం చూస్తుంది. ఇలాంటి ఒక్క టెంక చాలు, పురుగు లేని ప్రాంతానికి పురుగు చేరడానికి.

ఇక మామిడి జీడి ఎండితే చచ్చిపోతుంది. పండు తిన్న కొద్ది వారాల్లోపే నాటాలి. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎండు మామిడి విత్తనాల ప్యాకెట్ అని అమ్మేది చూస్తే ఆగండి. నిబంధనల ప్రకారం రాకూడదు, వచ్చినా మొలవదు. షాపులో దొరికే దిగుమతి పండు టెంక నాటుదామన్నా చిక్కే. ఉదాహరణకి 2007 నుంచి అమెరికా వెళ్తున్న భారతీయ మామిడికి పురుగుల కోసం కనీసం 400 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇస్తారు. ఆ మోతాదు జీడి మొలిచే శక్తిని కూడా దెబ్బతీస్తుంది.

సరే, మంచి తాజా టెంకే దొరికిందనుకుందాం. తల్లి రకం వస్తుందా? అది రకాన్ని బట్టి. బంగినపల్లి, అల్ఫాన్సో, హిమాయత్ లాంటి వాటిలో టెంకకి ఒకటే పిండం. అది పరపరాగ సంపర్కంతో పుట్టిన బిడ్డ, తల్లిలా ఉండదు. నామ్ డాక్ మై, కారబావో, ఆస్ట్రేలియా కెన్సింగ్టన్ ప్రైడ్ లాంటి వాటిలో ఒకే టెంకలో చాలా పిండాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచి పుట్టినవే, అంటే తల్లికి నకళ్లు. అలాంటి టెంక ఒలిచి, జీడి వంపు వీపు పైకి ఉండేలా రెండు మూడు సెంటీమీటర్ల లోతులో పెట్టండి. మూడు నాలుగు మొలకలొస్తే, నాలుగేసి ఆకులు వచ్చాక జాగ్రత్తగా విడదీసి వేర్వేరు కుండీల్లో నాటండి. ఆకులో, చిగురు రంగులో మిగతావాటికి భిన్నంగా కనిపించే మొక్క పరాగ సంపర్కంతో పుట్టింది అయ్యుండొచ్చు, దాన్ని పక్కన పెట్టండి. కాపుకి మాత్రం ఏళ్లు పడుతుంది.

టిష్యూ కల్చర్ గురించి క్లుప్తంగా చెప్తాను. పెద్ద చెట్టు కణజాలం నుంచి మామిడిని ల్యాబ్‌లో వాణిజ్యపరంగా పెంచడం ఇంకా కుదురుకోలేదు. ముక్క కోయగానే ఫినాల్స్ అనే రసాయనాలు ఊరి నల్లబడుతుంది, లోపలి సూక్ష్మజీవులు ముక్కని పెంచే పోషక మాధ్యమాన్ని పాడుచేస్తాయి. అరటికి టిష్యూ కల్చర్ ఉంది కదా, మామిడికీ ఉంటుందిలే అనుకుని కొనకండి.

మూడోది, అంటు మొక్క దిగుమతి. చట్టబద్ధంగా చేయొచ్చు, కానీ వరస తప్పకూడదు. ముందు మీ దేశంలో ఇంపోర్ట్ పర్మిట్, తర్వాత పంపే దేశంలో మొక్కకి పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఆ తర్వాతే పార్శిల్. భారత్‌లో దీనికి 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఆధారం. మట్టి అంటుకుని ఉండకూడదు కాబట్టి వేళ్లు కడిగి పంపాలి. మామిడికి తల్లివేరు కదిలితే అసలు పడదు, ఇక్కడే సగం ప్రాణం పోతుంది. పైన పురుగుల్ని చంపే వాయువు పట్టించే ఫ్యూమిగేషన్ కూడా పడితే చిగురు మాడుతుంది. బతికిన మొక్క క్వారంటైన్‌లో పెరగాలి. ఆస్ట్రేలియాలో దీనికోసం మికెల్‌హామ్‌లో ప్రత్యేక కేంద్రమే ఉంది. ఒక్క చెట్టు కోసం ఒక్క మనిషి ఇంత మోయడం కష్టం. సంస్థలకీ, పెద్ద నర్సరీలకీ తగిన దారి ఇది. సూట్‌కేసులో పుల్లలు దాచి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పూత గుత్తులు ముద్దగా మారే మాల్‌ఫార్మేషన్ తెగులు అంటు పుల్లతోనే ప్రయాణిస్తుంది. అది ఒకసారి వచ్చిందంటే నష్టం చుట్టుపక్కల తోటలన్నిటికీ.

ఇప్పుడు అసలు దారి. దిగుమతి అనుకునే ముందు ఆ రకం అసలు పేరేంటో పట్టుకోండి. మియాజాకి అనేది జపాన్‌లో అది పండే ప్రాంతం పేరు. రకం పేరు ఇర్విన్, పుట్టింది ఫ్లోరిడాలో. దాని వంశం ఇంకా వెనక్కి వెళ్తే, 1889లో భారత్ నుంచి ఫ్లోరిడా చేరిన ముల్గోబా, దాని టెంక నుంచి 1902లో నాటిన హేడెన్, హేడెన్ నుంచి లిప్పెన్స్, లిప్పెన్స్ నుంచి ఇర్విన్. ఇర్విన్ చాలా దేశాల్లో ఎప్పుడో చేరిపోయింది. మియాజాకి మెరుపులో పెద్ద వాటా పెంపకానిది కూడా: కాయకి నిండా వెలుగు తగిలేలా కట్టి, వల తొడిగి, దానంతట అది రాలేవరకు ఆగుతారు. అసలు పేరుతో వెతికితే, దిగుమతి చేయాలనుకున్న రకం మీ దేశంలోనే కనబడటం మామూలే. పరిశోధనా సంస్థల సేకరణలు, బొటానికల్ గార్డెన్లు, పండ్ల పెంపకందార్ల సంఘాలు అడగండి. లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధనా సంస్థ సి.ఐ.ఎస్.హెచ్., ఫ్లోరిడా ఫెయిర్‌చైల్డ్ గార్డెన్ లాంటి చోట్ల మామిడి సేకరణలున్నాయి. రెండు విషయాలు మాత్రం అడిగే తీసుకోండి. దేశం లోపల కూడా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పుల్లలు పంపడం మీద ఆంక్షలుండొచ్చు. కొన్ని కొత్త రకాలకి బ్రీడర్ హక్కులుంటాయి, అంటే వాటిని పెంచి అమ్మే హక్కు ఆ రకాన్ని తయారుచేసినవాళ్లదే. అనుమతి లేకుండా అంటు కట్టకూడదు.

పుల్ల ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. మూడు నాలుగు నెలల వయసు, పెన్సిల్ మందం, ఈ ఏడాది పూయని కొమ్మ చివర. కోయడానికి వారం పది రోజుల ముందు ఆకులు తీసేసి తొడిమలు ఉంచమని చెట్టు యజమానిని అడగండి. కొన మొగ్గ ఉబ్బుతుంది, తొడిమలు ముట్టుకుంటే రాలతాయి. అప్పుడు పది పదిహేను సెంటీమీటర్లు కోసి, పిండేసిన తడి కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టండి. నీళ్లు కారేంత తడి ఉంటే బూజు పడుతుంది. ఫ్రిజ్ బాగా చల్లగా ఉంటే మొగ్గ నల్లబడుతుంది. నీడలో ఉంచి, వీలైనంత త్వరగా కట్టేయండి.

వేరుమూలం, అంటే పుల్లని అతికించే వేళ్లున్న మొక్క, అది కూడా పుల్ల మందంలోనే ఉండాలి. చిగురు వేస్తున్న దశలో ఉంటే మంచిది. ఇరవై సెంటీమీటర్ల ఎత్తులో కోసి, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల చీలిక పెట్టండి. పుల్ల అడుగుని అంతే పొడవు చీలలా, కొన సన్నబడేలా, ఒక్కొక్క గీతలో చెక్కండి. కత్తి నలిపితే అతుకు పడదు. మందాలు సరిపోకపోతే ఒక పక్క బెరడు కింది పచ్చ పొర రెండిటికీ కచ్చితంగా కలవాలి. నడిమధ్య పెడితే ఏ పక్కా కలవదు. టేప్ బిగించి, పైన పాలిథిన్ కవర్ తొడిగి నీడలో ఉంచండి. ఎండలో పెడితే కవర్ లోపల పుల్ల ఉడికిపోతుంది. రెండు మూడు వారాల్లో చిగురు పొడుస్తుంది. చిగురు కవర్‌కి తగిలేలోపు సాయంత్రం పూట తీసేయండి. చిగురుకి బదులు పూత వస్తే గిల్లేయండి. పుల్ల పచ్చగానే ఉంటే మళ్లీ ఇగురు వేసే అవకాశం ఉంది. అతుకు కింద వేరుమూలం నుంచి వచ్చే పిలకలు ఎప్పటికప్పుడు తుంచాలి, లేకపోతే రెండేళ్లకి మీరు పెంచేది వేరుమూలాన్నే.

కొత్త అంటుని మిగతా మామిడి మొక్కలకి దూరంగా, కనీసం ఒక పూత కాలం చూసేదాకా ఉంచండి. గుత్తి ముద్దగా, ఆకులు కురచగా గుబురుగా కనిపిస్తే ఆ కొమ్మని తెగులున్న చోటు దాటి కింద ఆరోగ్యంగా ఉన్న భాగంలో కోసి కాల్చేయండి, కత్తిని స్పిరిట్‌తో తుడవండి. రకం పేరు, పుల్ల ఇచ్చినవాళ్లు, తేదీ రేకు మీద గీసి కొమ్మకి వదులుగా కట్టండి. పెన్నుతో రాసింది ఒక వానాకాలానికే పోతుంది.