గెలిచినా గొణుగుడెందుకు? శనగలతో రన్ గేమ్ పాఠం

నమస్తే అండీ. ఈ వీడియో చూసే ముందు వంటింట్లోకి వెళ్లి రెండు గుప్పిళ్ల గింజలు తెచ్చుకోండి. కాబూలీ శనగలు కొన్ని, పల్లీలు కొన్ని, ఒక చింతపిక్క. వంట వీడియో కాదు, కంగారు పడకండి. ఇవాళ అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం. అందులోనూ రన్ గేమ్, అంటే బంతి విసరకుండా చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట.

అమెరికాలోని కొలంబస్‌లో చదువుకోవడానికి వచ్చిన మనవాళ్లకు ఈ బాధ తెలుసు. శనివారం వస్తే ఊరంతా ఎర్ర చొక్కాలే. ఎవరిని పలకరించినా ఇక్కడి యూనివర్సిటీ జట్టు ఒహాయో స్టేట్ మ్యాచ్ గురించే. మనం మొహమాటానికి తలూపుతాం. నేనూ మొదటి ఏడాదంతా తలూపాను.

తర్వాత ఒక మ్యాచ్ నా కళ్లు తెరిపించింది. 2024 అక్టోబర్ 26, సొంత మైదానంలో ఇంకో యూనివర్సిటీ జట్టు నెబ్రాస్కాతో. ఒహాయో స్టేట్ 21-17తో గెలిచింది. నేను చప్పట్లు కొట్టబోయాను. చూస్తే మా గదిలో పెళ్లి ఆగిపోయిన ఇల్లులా ఉంది.

"గెలిచాం కదా మావా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాను.

"ఇదీ ఒక గెలుపేనా? 31 సార్లు పరిగెత్తి 64 గజాలు! మా ఊళ్లో 64 గజాల్లో పూరిల్లు కూడా లేవదురా" అన్నాడు మా రూమ్మేట్. గుంటూరు మనిషి, ఏ లెక్కయినా స్థలంలోకే మారుస్తాడు.

వాడి బాధ అర్థం కావాలంటే ఇంకో సంగతి తెలియాలి. అంతకు ముందు వారమే ఇదే నెబ్రాస్కాను ఇండియానా 56-7తో ఉతికి ఆరేసింది. అప్పటికి ఒహాయో స్టేట్ దేశంలో నాలుగో ర్యాంకు జట్టు. చిన్న టీమ్ మీద ఆఖరి ఓవర్ దాకా లాగి గెలిస్తే మనం ఎలా తిట్టుకుంటాం? ఇదీ అంతే.

పైగా ఆ ఊరికి పరుగు అంటే పరువు. 1951 నుంచి 1978 దాకా కోచ్‌గా ఉన్న వుడీ హేస్ జట్టు ఆటను ఇప్పటికీ మూడు గజాలు, దాంతో పాటు లేచే దుమ్ము అని చెప్పుకుంటారు. బంతి విసరడం తక్కువ, తోసుకుంటూ పోవడం ఎక్కువ. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీని రెండుసార్లు అందుకున్న ఏకైక ఆటగాడు ఆర్చీ గ్రిఫిన్ కూడా ఇక్కడి రన్నింగ్ బ్యాకే, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడే. 1974లో ఒకటి, 1975లో ఒకటి. అలాంటి చోట పరుగుకు సగటున రెండు గజాలంటే బిర్యానీ హోటల్లో అన్నం ఉడకనట్టు.

సరే, గింజలు తీయండి.

(కెమెరా టేబుల్ మీదికి)

రూల్ ఒక్కటే గుర్తుంచుకోండి. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు. వెళ్తే మళ్లీ నాలుగు. ఈ రోజుకి ఇది చాలు.

ఐదు శనగలు వరసగా పెట్టండి. మధ్యలో ఉన్నది సెంటర్. దానికి అటూ ఇటూ గార్డులు. చివర్లలో ట్యాకిళ్లు. ఈ వరసనే లైన్ అంటారు. ఈ ఐదుగురూ ఒక్కొక్కరు నూట ముప్పై, నూట నలభై కిలోలుంటారు. బంతి దాదాపు ఎప్పుడూ ముట్టుకోరు, టీవీ వాడు పేరు కూడా చెప్పడు. వీళ్ల వెనక చింతపిక్క పెట్టండి. అది రన్నింగ్ బ్యాక్. ఎదురుగా నాలుగు పల్లీలు, వాటి వెనక ఇంకో మూడు. అది డిఫెన్స్, అంటే అడ్డుకునే జట్టు.

ఇన్‌సైడ్ జోన్ అని ఒక మామూలు పరుగు ఉంటుంది. ఐదు శనగలూ ఒకేసారి కుడివైపు అడుగు వేస్తాయి. ఇద్దరు కలిసి ఒక పల్లీని గట్టిగా నెడతారు. అది కదిలాక ఇద్దరిలో ఒకరు దాన్ని వదిలేసి వెనక వరసలోని పల్లీ, అంటే లైన్‌బ్యాకర్ మీదికి వెళ్తారు. తొందరగా వదిలితే ముందున్న పల్లీ దూసుకొస్తుంది. ఆలస్యంగా వదిలితే వెనకున్న పల్లీ వచ్చి సందు మూసేస్తుంది. ఆ వదిలే క్షణంలోనే ఉంది రన్ గేమంతా. చింతపిక్క చేసేదల్లా సందు ఎక్కడ పడిందో చూసి దూరడమే.

ఇప్పుడు ఎడమ చివరి శనగ తీసి పక్కన పెట్టండి. దాని చోట చిన్న శనగ ఒకటి పెట్టండి.

సరిగ్గా ఇదే జరిగింది. అక్టోబర్ 12న ఒరెగాన్‌లో ఆడి 32-31తో ఓడిపోయిన మ్యాచ్‌లో లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్‌కు మోకాలి గాయమైంది. ఇక సీజన్ మొత్తం లేడు. ఒక వారం ఖాళీ తర్వాత వచ్చిన మొదటి మ్యాచే ఈ నెబ్రాస్కా. అతని చోట జెన్ మిచాల్‌స్కీని దింపారు.

"పరుగు కుడివైపు కదా, ఎడమ చివర వాడితో ఏం పని?" అని మీరు అడగాలి. నేను అడిగాను కాబట్టి చెప్తున్నాను. చూడండి, శనగలన్నీ కుడికి అడుగేస్తున్నాయి. ఎడమ చివరున్న పల్లీ ఏం చేస్తుంది? చింతపిక్క వెంట పడుతుంది. దాన్ని ఆపాల్సింది ఎడమ ట్యాకిలే. అతను అర అడుగు వెనకబడితే పిక్క సందు చేరేలోపు వెనక నుంచి కాలు దొరికిపోతుంది. కబడ్డీలో గొలుసు కొసన ఉన్నవాడు పట్టు వదిలితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మా గదికి తిరిగొద్దాం. అక్కడ మూడు పార్టీలు తయారయ్యాయి. ఒకడు రన్నింగ్ బ్యాక్‌లను తిడుతున్నాడు: క్విన్‌షాన్ జడ్కిన్స్‌ను ఓల్ మిస్ అనే ఇంకో యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్నాం, ట్రెవియన్ హెండర్సన్ ముందే ఉన్నాడు, ఇద్దరుండీ ఏం లాభం అని. ఇంకొకడు ఆట వ్యూహం చూసే చిప్ కెల్లీని తిడుతున్నాడు, మధ్యలోకే గుద్దిస్తున్నాడని. మూడో అతను మా సీనియర్, అందరం అన్నా అంటాం. ఆయన మాత్రం "లైన్ చూడండ్రా" అని ఒక్క మాటే అని టీ పెట్టుకోవడానికి లేచాడు.

మొదటివాడి వాదన నాకు అప్పుడే నచ్చలేదు. తమాషా ఏమిటంటే, ఆ రోజు గెలిపించింది జడ్కిన్సే, కాకపోతే పరిగెత్తి కాదు. ఆఖర్లో పాస్, అంటే విసిరిన బంతి, అందుకుని 40 గజాల టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి చివరిదాకా చేర్చాడు. తర్వాత 2025లో ఎన్ఎఫ్ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్, కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో జడ్కిన్స్ 36వ వాడిగా, హెండర్సన్ 38వ వాడిగా వెళ్లారు. కాళ్లలో దమ్ము లేని వాళ్లయితే కాదు.

ఇక లెక్కల సంగతి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, నెమ్మదిగా చెప్తాను.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక వింత పద్ధతి ఉంది. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, పాస్ వేయబోయి దొరికిపోతే, అంటే శాక్ అయితే, పోయిన గజాలను పరుగుల ఖాతాలోంచి తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో పాస్ ఖాతాలోంచి తీస్తారు. ఉదాహరణకు ఒక జట్టు 25 పరుగుల్లో 100 గజాలు చేసిందనుకోండి, సగటు నాలుగు. నాలుగు శాకుల్లో 28 గజాలు పోయాయి. మర్నాడు పేపర్లో 29 పరుగులు, 72 గజాలు అని పడుతుంది. సగటు రెండున్నరకు దిగింది. తమ్ముడు చేసిన అప్పు అన్న ఖాతాలో రాసినట్టు. అందుకే గొడవ మొదలుపెట్టే ముందు శాకులు తీసేసి మళ్లీ భాగించండి.

రెండోది, సగటు అబద్ధమాడుతుంది. 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌తో జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్. జడ్కిన్స్ 11 పరుగుల్లో 100 గజాలు. అబ్బో, తొమ్మిది సగటు! కానీ అందులో ఒక్క పరుగే 70 గజాలు. మిగతా పదీ కలిపితే 30. పరుగుకు మూడు. వుడీ హేస్ దుమ్ములోకే వచ్చాం మళ్లీ.

మరి ఏం చూడాలి? నేనైతే కాగితం మీద టిక్కులు పెట్టుకుంటాను. మొదటి అవకాశంలో కావలసిన దూరంలో సగం వస్తే టిక్కు. రెండోదానిలో మిగిలినదాంట్లో 70 శాతం వస్తే టిక్కు. మూడు, నాలుగు అవకాశాల్లో మొత్తం రావాల్సిందే. ఒక గజం కావలసినప్పుడు ఒక గజం వస్తే అది బంగారం, సగటులో మాత్రం చెత్తలా కనిపిస్తుంది. మ్యాచ్ అయ్యాక టిక్కులు లెక్కపెట్టుకోండి. సగానికి దగ్గరగా ఉంటే పరుగు బాగానే నడిచినట్టు.

ఇప్పుడు కంటికి పని. ఇది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ మనకు బంతినే చూడటం అలవాటు. బంతి కదలక ముందు వీడియో ఆపండి. లైన్‌కు ఎదురుగా, దగ్గర్లో ఎంతమంది డిఫెన్స్ వాళ్లున్నారో లెక్కపెట్టండి. ఆ ప్రాంతాన్ని బాక్స్ అంటారు. ఆరుగురుంటే పరిగెత్తడానికి మంచి తరుణం. ఎనిమిది మంది ఉన్నా అక్కడికే గుద్దిస్తుంటే అప్పుడు కోచ్‌ను తిట్టండి, నేను అడ్డురాను.

తర్వాత ప్లే నొక్కి, మొదటి రెండు సెకన్లు పిక్కను చూడకండి. ఐదు శనగలనే చూడండి. వరస మొత్తం ముందుకు జరిగిందా, ఉన్నచోటే ఉందా, వెనక్కి వంగిందా? ముందుకు జరిగాక కూడా రెండు గజాలే వస్తే అది రన్నింగ్ బ్యాక్ తప్పు కావచ్చు. వెనక్కి వంగితే, అక్కడ దేవుడే దిగొచ్చి పరిగెత్తినా రెండు గజాలే.

నెబ్రాస్కా మ్యాచ్‌ను నేను అలా మళ్లీ చూశాను, సగం స్పీడులో. మా సీనియర్ టీ పెట్టుకోవడానికి ముందే చెప్పిన మాట అర్థం కావడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

కోచ్‌లకూ అదే కనిపించి ఉండాలి. ఆ మ్యాచ్‌లో మిచాల్‌స్కీకీ దెబ్బ తగిలింది. దాంతో లెఫ్ట్ గార్డ్‌గా ఆడే డోనవన్ జాక్సన్‌ను ఎడమ చివరనున్న ట్యాకిల్ చోటుకు జరిపారు, గార్డ్ చోట కార్సన్ హింజ్‌మన్‌ను పెట్టారు. మీ టేబుల్ మీద కూడా జరపండి, ఒక శనగ పక్కకి, కొత్తది లోపలికి. వారం తిరిగేసరికి పెన్ స్టేట్‌లో, లక్ష మందికి పైగా అరుస్తుంటే, 20-13తో ముందున్నారు. సొంత గోల్ లైన్‌కు, అంటే తాము కాపాడుకునే గీతకు ఆనుకుని బంతి దొరికింది. ఐదు నిమిషాలకు పైగా మిగిలి ఉంది. ఒక్క పాస్ కూడా వేయకుండా, పరిగెత్తి పరిగెత్తి గడియారం ఖాళీ చేసేశారు.

అంతా బాగైపోయిందని చెప్పలేను. నవంబర్ 30న మిషిగన్‌తో మళ్లీ మధ్యలోకే గుద్దుకుని, పరుగులో 77 గజాలే చేసి 13-10తో ఓడిపోయారు. ఆ రాత్రి చిప్ కెల్లీని తిట్టే మా రెండో పార్టీ కుర్రాడికి మాత్రం ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఫైనల్ 34-23తో గెలిచాక కూడా వాడు ఆ మ్యాచ్ ఎత్తుతూనే ఉన్నాడు.

ఇక మీ వంతు. ఆ పెన్ స్టేట్ మ్యాచ్ ఆఖరి ఐదు నిమిషాలు వెతికి పెట్టండి. ప్రతి పరుగుకూ ముందు ఆపండి, బాక్స్ లెక్కపెట్టండి, ఎడమ చివరి శనగ ఏం చేశాడో రాసుకోండి. టిక్కులెన్ని వచ్చాయో కింద కామెంట్లో పెట్టండి, నా కాగితంతో పోల్చి చెప్తాను. ఈలోగా ఈ శనగలు నానబెట్టేస్తాను, సాయంత్రానికి గుగ్గిళ్లకు పనికొస్తాయి.