జట్లు మారుతూ ఆడే మిడ్‌ఫీల్డర్

అందరికీ నమస్కారం. ఫుట్‌బాల్ గురించి మాట్లాడమంటే మెస్సీ పేరుతో మొదలుపెట్టడం తేలిక. నేను మాత్రం జాన్ మార్క్ బోస్‌మాన్‌తో మొదలుపెడతాను. ఈ పేరు ఇక్కడున్న పిల్లల్లో చాలామంది విని ఉండరు. బెల్జియం మనిషి, మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. అతని ఆట గురించి ఈ రోజు ఎవరూ మాట్లాడుకోరు. కానీ కాంట్రాక్టు అయిపోయిన ప్రతి ఆటగాడూ అతనికి రుణపడి ఉన్నాడు.

1990లో ఆర్‌ఎఫ్‌సీ లియేజ్ అనే క్లబ్బుతో అతని కాంట్రాక్టు ముగిసింది. అప్పటిదాకా బోనస్‌లతో కలిపి నెలకు సుమారు 1,20,000 బెల్జియన్ ఫ్రాంకులు వచ్చేవి. ఇకమీదట ఉండాలంటే 30,000 ఇస్తామన్నారు. వద్దన్నాడు. ఫ్రాన్స్‌లో రెండో డివిజన్ ఆడే డంకెర్క్ క్లబ్బు తీసుకుంటానంది. అయితే కాంట్రాక్టు ముగిసినా సరే, ఆటగాణ్ణి వదలాలంటే కొత్త క్లబ్బు డబ్బు కట్టాలన్నది అప్పటి పద్ధతి. డంకెర్క్ కట్టగలదో లేదోనని లియేజ్‌కు అనుమానం వచ్చి అతని బదిలీ కాగితాలు పంపలేదు. పైగా అతన్ని సస్పెండ్ చేసింది. అటూ లేదు, ఇటూ లేదు, ఆడే వయసులో ఇంట్లో కూర్చున్నాడు.

కోర్టుకు వెళ్ళాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాడు కాంట్రాక్టు ముగిశాక, ఆ యూనియన్‌లోనే ఇంకో దేశపు క్లబ్బుకు డబ్బు కట్టకుండా వెళ్ళొచ్చు. అప్పటికి బోస్‌మాన్‌కు 31 ఏళ్ళు. కేసు నడిచిన ఆ అయిదేళ్ళూ చిన్నాచితకా జట్లలో, ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్ దీవిలో కూడా ఆడి పొట్టపోసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ తీర్పు వల్ల కోట్లు సంపాదించారు. అతను మాత్రం ఇబ్బందుల్లో పడ్డాడు, తాగుడుకు బానిసయ్యాడు. ఆ మనిషికి ఫుట్‌బాల్ లోకం సరిగ్గా కృతజ్ఞత చూపలేదని నా బాధ.

మన వైపు నుంచి కూడా ఒకరిని చెప్పుకోవాలి. హైదరాబాద్ మహమ్మద్ హబీబ్ గారు. 1966లో కలకత్తా వెళ్ళి, 1984 దాకా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ ఈ మూడు క్లబ్బుల మధ్యే తిరిగారు. అక్కడ ఒక జట్టు వదిలి ఎదుటి జట్టులోకి పోవడమంటే మామూలు విషయం కాదు. అయినా అందరూ ఆయన్ను ‘బడే మియా’ అనే పిలిచారు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంటే, అందులో ఒక గోల్ ఆయనదే. ఆ రోజుల్లో ఆటగాళ్ళు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళు. ఆయన ఉద్యోగం వద్దని ఆటనే బతుకుదెరువు చేసుకున్నారు.

మిడ్‌ఫీల్డర్లే ఇలా ఎందుకు తిరగాల్సి వస్తుంది? ఫార్వర్డ్‌కు గోల్స్ లెక్క ఉంటుంది. మధ్యలో ఆడేవాడు మ్యాచ్‌కు పది, పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తుతాడు, అందులో బంతి అతని కాళ్ళ దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా ఖాళీలు పూడ్చడం, పక్కవాడికి దారి చేయడం. ఇవేవీ స్కోర్ షీట్‌లో రావు. కోచ్ మారి, మధ్యలో ఇద్దరితో ఆడించే జట్టు ముగ్గురితో ఆడటం మొదలుపెడితే, నిన్నటిదాకా రోజూ ఆడినవాడు బెంచీ మీద కూర్చుంటాడు. అదే మనిషి ఇంకో ఊళ్ళో కోచ్‌కు సరిగ్గా కావాల్సినవాడు అవుతాడు. అందుకే నేను పిల్లలకు రోజూ చెప్పేది: బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడండి, రెండు కాళ్ళతో పాస్ ఇవ్వండి, అవసరమైతే రైట్ బ్యాక్‌లో, అంటే కుడివైపు డిఫెన్స్‌లో కూడా ఆడగలగండి. కొత్త ఊళ్ళో మొదటి వారంలోనే పనికొచ్చేవి ఇవే.

ఇప్పుడు పెద్దవాళ్ళతో మాట్లాడతాను. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి పోయేవాళ్ళు కూలి ఎంత, ఎన్నాళ్ళు, దారి ఖర్చు ఎవరిదని ముందే మేస్త్రీతో తేల్చుకుంటారు. మన పిల్లలు క్లబ్బుకు వెళ్ళేటప్పుడు అది కూడా అడగడం లేదు. జెర్సీ వేసుకుని ఫొటో దిగితే చాలనుకుంటున్నాం. క్లబ్బులు మూతపడతాయి. మహీంద్రా యునైటెడ్ 2010లో, మొట్టమొదటి నేషనల్ లీగ్ గెలిచిన జేసీటీ 2011లో ఆగిపోయాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చాంపియన్. మూడేళ్ళకు అది ఢిల్లీకి తరలిపోయింది. 2025లో అసలు లీగే జరుగుతుందో లేదో తెలియక ఆటగాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో, కొన్ని క్లబ్బులు జీతాలు ఎలా ఆపాయో పేపర్లలో చూశారు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫీఫా నియమాలు కొన్ని గుర్తుపెట్టుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలతో మూడేళ్ళకు మించి కాంట్రాక్టు చేయకూడదు, పెద్దవాళ్ళకైతే మామూలుగా అయిదేళ్ళే. కాంట్రాక్టులో చివరి ఆరు నెలలు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. క్లబ్బు అన్యాయంగా రెండు నెలల జీతం ఎగ్గొడితే, బాకీ తీర్చడానికి కనీసం పదిహేను రోజులు గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. నోటిమాటతో అడిగితే లెక్కలోకి రాదు.

రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అనే స్వచ్ఛంద సంస్థ వచ్చాక మన అనంతపురం పల్లెల్లో ఆడపిల్లలు కూడా బూట్లు కట్టుకున్నారు, ఇది నాకు అన్నిటికన్నా సంతోషం. అమ్మా, మీకు ఒక మాట. 2021 నుంచి ప్రొఫెషనల్ ఆటగత్తెకు కనీసం పద్నాలుగు వారాల ప్రసూతి సెలవు, ఆ రోజులకు జీతంలో కనీసం మూడింట రెండు వంతులు ఇవ్వాలని ఫీఫా నియమం పెట్టింది. పెళ్ళయితే ఆట అయిపోయిందని ఎవరైనా అంటే ఈ నియమం చూపించండి.

ఏ క్లబ్బు వాళ్ళు కాగితం ఇచ్చినా అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి. ఇంగ్లిష్‌లో ఉందని మొహమాటపడొద్దు. ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక నేను గ్రౌండ్‌లోనే ఉంటాను, తెస్తే కూర్చుని ఒక్కో లైను చదువుదాం.